మూడు పౌండ్ల పన్ను, మూడు నెలల జీతం

ఈసారి పోస్టు పొడుగ్గా ఉంటది. శుక్రవారం బట్టలు ఉతుక్కుని, ఇంటికి ఫోన్ చేసుకున్నాక తీరికగా చదవండి.

పోయిన ఎండాకాలం మా క్యాంపులో మూడు నెలలు జీతం పడలేదు. ఏ కంపెనీ అన్నది ఇక్కడ రాయం. ఇట్లాంటివి మీలో చాలామంది చూసినవే. మధ్యాహ్నం పని బందు ఉన్న టైంలో రూంలో కూర్చుంటే మాటంతా అదే. జగిత్యాల తమ్ముడు ఒకడు లేచి అన్నాడు: "రేపటి నుంచి డ్యూటీకి పోవద్దు. పొద్దున బస్సు ముందట అందరం కూసుందాం. గాంధీ జేసింది గదే గదా."

కామారెడ్డి పెద్దన్న పండుకున్న కాన్నుంచి లేవకుండానే అన్నాడు: "గాంధీకి ఏజెంటు బాకీ లేదు తమ్మీ."

అందరం నవ్వినం. కానీ ఆ రాత్రి ఎవరికీ సరిగ్గా నిద్ర పట్టలేదు. తమ్ముడు చెప్పింది తప్పా? పెద్దన్న చెప్పింది ఒప్పా? శాంతిగా చట్టాన్ని ధిక్కరించడం అంటే అసలు ఏంది? అది ఎక్కడ నడుస్తది, ఎక్కడ నడవదు? తెలుసుకుందామని ఫోన్లో, దొరికిన పుస్తకాల్లో వెతికినం. వెతికితే తెలిసిన మొదటి సంగతి ఇది. గాంధీ ఆ పని నేర్చుకున్నది మన దేశంలో కాదు. మనలాంటి వలస కూలీల నడుమ, పరాయి దేశంలో నేర్చుకున్నాడు. ఆ కూలీల్లో మన తెలుగువాళ్లు కూడా ఉన్నారు.

అగ్రిమెంటు మీద పోయినవాళ్లు

1860 నవంబరులో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవుకు చేరింది. చెరుకు తోటల్లో పని కోసం కూలీలను తీసుకుపోయిన మొదటి ఓడ అది. 1911 దాకా అట్లా నటాల్ ప్రాంతానికి పోయినవాళ్లు మొత్తం 1,52,184 మంది. అందులో ఎక్కువమంది మద్రాసు రేవు నుంచి ఓడ ఎక్కిన తమిళులు, తెలుగువాళ్లే. విశాఖపట్నం, గంజాం, గోదావరి, చిత్తూరు వైపుల నుంచి పోయిన కుటుంబాల మనవలు, మునిమనవలు ఇప్పటికీ డర్బన్ చుట్టుపక్కల ఉన్నారు. 1931లోనే వాళ్లు అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు.

వాళ్లు పోయింది ఐదేళ్ల అగ్రిమెంటు మీద. ఆ ఇంగ్లిషు మాట కూలీల నోట్లో నలిగి 'గిర్మిట్' అయింది. మొదటి ఏడాది జీతం నెలకు 10 షిల్లింగులు. ఆ తర్వాత ఏడాదికో షిల్లింగు పెరుగుతుంది. తోట దాటి బయటికి పోవాలంటే దొర రాసిచ్చిన చీటీ చేతిలో ఉండాలి. చీటీ లేకుండా దొరికితే జైలు. ఇది చదివినప్పుడు మా రూంలో ఎవరూ మాట్లాడలేదు. కంపెనీ వాడు 'పారిపోయిండు' అని కేసు పెడితే ఏమైతదో మనకు చెప్పాల్సిన పని లేదు.

ఐదేళ్లు అయిపోయాక తిరిగి పోకుండా అక్కడే బతుకుదాం అనుకున్నవాళ్ల మీద 1895లో నటాల్ ప్రభుత్వం ఏటా 3 పౌండ్ల పన్ను వేసింది. 3 పౌండ్లంటే 60 షిల్లింగులు. మొదటి ఏడాది జీతం లెక్కన ఆరు నెలల కూలి. తర్వాత పదహారేళ్లు నిండిన మగపిల్లల మీద, పదమూడేళ్లు నిండిన ఆడపిల్లల మీద కూడా అదే పన్ను వేశారు. దాని అర్థం ఒక్కటే: పని చేయి, లేదంటే మళ్లీ అగ్రిమెంటు రాయి, లేదంటే ఓడ ఎక్కు. మనిషి కావాలి, మనిషి బతుకు వద్దు.

పది వేళ్ల ముద్రలు

పక్కనున్న ట్రాన్స్‌వాల్‌లో 1906లో ఇంకో చట్టం తెచ్చారు. ఆసియా వాళ్లంతా పేరు రాయించుకోవాలి, వేలిముద్రలు ఇవ్వాలి, పోలీసు ఎప్పుడడిగినా కాగితం చూపాలి. 1906 సెప్టెంబరు 11న జొహానెస్‌బర్గ్‌లో ఎంపైర్ థియేటర్‌లో సభ జరిగింది. ఆ చట్టానికి లొంగం, జైలుకైనా పోతాం అని అక్కడ ఒట్టు పెట్టుకున్నారు. 1908 ఆగస్టు 16న మసీదు ఆవరణలో పెద్ద బానలో రెండు వేలకు పైగా రిజిస్ట్రేషన్ కాగితాలు వేసి కాల్చేశారు.

మనం ఇక్కడ దిగిన వారంలోనే పది వేళ్లూ మిషన్ మీద పెట్టి ఐడీ కార్డు తీసుకున్నవాళ్లం. ఆ కార్డు పోతే ప్రాణం పోయినట్టు వెతుక్కుంటాం. అందుకే వాళ్లు కాల్చిన కాగితం విలువ మనకు బాగా తెలుసు.

1913: కూలీల నడక

అసలు కథ 1913ది. అంతకుముందు ఏడాది గోపాలకృష్ణ గోఖలే దక్షిణాఫ్రికా పోయి మంత్రులతో మాట్లాడి వచ్చారు. 3 పౌండ్ల పన్ను తీసేస్తారని మాట వచ్చిందని ఆయన అనుకున్నారు. ప్రభుత్వం ఆ మాట నిలబెట్టుకోలేదు. పైగా 1913 మార్చిలో కోర్టు ఒక తీర్పు ఇచ్చింది. దాని ప్రకారం క్రైస్తవ పద్ధతిలో జరగని పెళ్లిళ్లు అక్కడ చెల్లవు. అంటే మన ఆడవాళ్లు చట్టం లెక్కలో పెళ్లాలే కాదు.

సమ్మెకు దారి తీసింది ఆడవాళ్లే. ట్రాన్స్‌వాల్ నుంచి వచ్చిన ఆడవాళ్లు, అందులో ఎక్కువమంది తమిళ ఆడవాళ్లు, అక్టోబరులో న్యూకాజిల్ బొగ్గు గనుల దగ్గరికి పోయి కూలీలతో మాట్లాడారు. పన్ను తీసేసేదాకా పనిలోకి దిగొద్దని చెప్పారు. గనులు ఆగిపోయాయి. మారిషస్‌లో పుట్టిన తంబి నాయుడు లాంటి కార్యకర్తలు ముందు నిలబడ్డారు. గని యజమానులు కూలీల ఇండ్లకు నీళ్లు, దీపాలు బంద్ చేశారు. అప్పుడు గాంధీ చెప్పింది: యజమాని ఇంట్లో ఉండి యజమానితో కొట్లాడలేం, గదులు వదిలి బయటికి రండి.

వచ్చారు. గిన్నె, దుప్పటి పట్టుకుని పిల్లాజెల్లాతో వచ్చారు. 1913 నవంబరు 6న 2,037 మంది మగవాళ్లు, 127 మంది ఆడవాళ్లు, 57 మంది పిల్లలు సరిహద్దు దాటడానికి నడక మొదలుపెట్టారు. పర్మిట్ లేకుండా ట్రాన్స్‌వాల్‌లోకి అడుగుపెట్టడమే నేరం. ఆ నేరం చేయడానికే బయల్దేరారు. రోజు తిండి మనిషికి పౌనున్నర రొట్టె, కొంచెం చక్కెర. ముందే నియమాలు చెప్పుకున్నారు: దారిలో ఎవరి వస్తువూ ముట్టుకోవద్దు, కొట్టినా తిట్టినా ఎదురు తిరగొద్దు, అరెస్టు చేస్తే పోవాలి, గాంధీని పట్టుకుపోయినా నడక ఆగొద్దు.

నాలుగు రోజుల్లో గాంధీని మూడుసార్లు అరెస్టు చేశారు. నడక ఆగలేదు. చివరికి కూలీలను రైళ్లలో ఎక్కించి నటాల్‌కు తిప్పి పంపారు. జైళ్లు చాలక గని కాంపౌండ్లనే జైళ్లుగా, గని మనుషులనే జైలు కాపలాదార్లుగా చేశారు. బలవంతంగా గనిలోకి దింపారు, కొరడాతో కొట్టారు. అప్పుడు సమ్మె చెరుకు తోటలకు పాకింది. కొన్నిచోట్ల పోలీసులు కాల్పులు జరిపారు, కూలీలు చనిపోయారు. వళ్లియమ్మ అనే పదహారేళ్ల పిల్ల జైలు నుంచి జ్వరంతో బయటికొచ్చి 1914 ఫిబ్రవరిలో కన్నుమూసింది.

1914లో చట్టం వచ్చింది. 3 పౌండ్ల పన్ను పోయింది. మన పెళ్లిళ్లు చెల్లాయి. ఓటు రాలేదు, ఎక్కడికైనా తిరిగే హక్కు రాలేదు. ఆ దేశంలో పుట్టిన నల్లవాళ్ల బాధ ఈ పోరాటంలో లెక్కకే రాలేదు. అది కూడా దాచకుండా చెప్పుకోవాలి.

ఎందుకు గెలిచారు?

ఇదే మా అసలు ప్రశ్న. ఐదు రోజులు నడిచినంత మాత్రాన ప్రభుత్వం దిగిరాలేదు. మాకు రెండు కారణాలు కనబడ్డాయి.

ఒకటి, వాళ్ల పద్ధతి. ముందు అడిగారు, అర్జీలు ఇచ్చారు, ఏండ్ల తరబడి ఎదురుచూశారు. ఆ తర్వాతే చట్టం దాటారు. దాటేముందు ప్రభుత్వానికి చెప్పి దాటారు. ఎవరినీ కొట్టలేదు. శిక్ష పడితే తప్పించుకోలేదు. ఇక్కడ ఒక తేడా చూడండి. మనవాళ్లు కంపెనీ వదిలి బయట దొంగతనంగా పని చేసుకుంటే 'ఖల్లివెల్లి' అంటాం. వాడి బాధ నిజమే, వాడు దొంగ కాదు. కానీ అది సత్యాగ్రహం కాదు. వాడు దాక్కుంటాడు, చట్టం మాత్రం ఉన్నచోటే ఉంటది. సత్యాగ్రహి పగటిపూట నడిబజార్లో నిలబడి "ఈ చట్టం అన్యాయం, నన్ను పట్టుకోండి" అంటాడు. అప్పుడు సిగ్గు పడాల్సింది చట్టం.

రెండోది, బయట ఉన్నవాళ్లు. కూలీలను కొట్టిన వార్త తంతి మీద మన దేశం చేరింది. గోఖలే ఊరూరా తిరిగి చందాలు పోగు చేశారు. 1913 నవంబరులో వైస్రాయి హార్డింజ్ మద్రాసులో మాట్లాడుతూ ఆ కూలీల పక్షాన నిలబడ్డాడు. బ్రిటిష్ రాజు మనిషే అట్లా మాట్లాడితే లండన్ కదలక తప్పలేదు. కూలీ నడిచాడు, కానీ ఆ నడకను చూసే కళ్లు, వినే చెవులు, మాట్లాడగల నోళ్లు ఇంకోచోట ఉన్నాయి. చూసేవాడు లేని చోట, రాసే పేపరు లేని చోట, అడిగే కోర్టు లేని చోట ఎంత శాంతిగా కూర్చున్నా ఆ శాంతి చీకట్లో కలిసిపోతది.

అందుకే పెద్దలు దీన్ని స్వేచ్ఛ ఉన్న సమాజానికి సంబంధించిన పని అంటారు. మన ఊరి చెరువు లెక్క చూడండి. కట్ట ఎంత గట్టిదైనా మత్తడి ఉండాలి. ఎక్కువైన నీళ్లు పోయే దారి లేకపోతే ఒకనాడు కట్టే తెగుతది. చట్టం కట్ట అయితే, శాంతంగా చేసే ధిక్కారం మత్తడి. కట్ట తెగగొట్టడానికి కాదు, నిలబెట్టడానికే అది ఉంది.

ఇంటి దగ్గర చూసినవి

గెలిచిన కథే చెబితే అబద్ధం చెప్పినట్టు అయితది. ఓడిన కథ కూడా వినండి. బాపట్ల వైపు చీరాల, పేరాల ఊళ్లు. నేతగాళ్లు ఎక్కువ ఉన్న ఊళ్లు. అక్కడ మున్సిపాలిటీ పెట్టి పన్ను ఎన్నో రెట్లు పెంచారు. మాకు మున్సిపాలిటీ వద్దు అని జనం మొత్తుకున్నారు. కట్టనివాళ్లను జైల్లో పెట్టారు. 1921 ఏప్రిల్లో బెజవాడ కాంగ్రెసు సమావేశానికి వచ్చిన గాంధీ చీరాల కూడా వచ్చారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో జనం ఊరే ఖాళీ చేశారు. మున్సిపాలిటీ హద్దు బయట తాటాకు గుడిసెలు వేసుకుని, దానికి రామనగర్ అని పేరు పెట్టి, పదకొండు నెలలు ఎండా వానల్లో ఉన్నారు. ఊళ్లో లేనివాడి దగ్గర ఊరి పన్ను ఎట్లా వసూలు చేస్తారు? ఆలోచన అంత సూటిగా ఉంది.

కానీ గోపాలకృష్ణయ్యను బరంపురంలో అరెస్టు చేసి ఏడాది జైలు వేశారు. డబ్బులు అయిపోయాయి. నడిపించేవాళ్లు లేక జనం మళ్లీ సొంత ఇండ్లకు వచ్చారు. గోపాలకృష్ణయ్య 1928లో క్షయతో పోయారు, నలభై ఏళ్లు కూడా నిండలేదు. ఓడారు అనొచ్చు. కానీ వందేళ్ల తర్వాత కూడా చీరాల పేరు చెబితే ఆ గుడిసెలే గుర్తొస్తాయి.

ఇక తెలంగాణ సంగతి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. రోడ్ల మీద పొయ్యిలు పెట్టి వంటా వార్పు చేసింది మన అక్కలు, మన వదినలు. 2011 సెప్టెంబరు 13 నుంచి అక్టోబరు 24 దాకా 42 రోజులు సకల జనుల సమ్మె నడిచింది. సింగరేణి బావులు ఆగాయి, ఆర్టీసీ బస్సులు ఆగాయి, బడులు ఆగాయి. జీతాలు పోయినా నిలబడ్డారు. మనలో చాలామంది అప్పుడు ఇక్కడే, ఈ ఎడారిలోనే ఉండి, ఫోన్లో వార్తలు అడుగుతూ దినాలు లెక్క పెట్టినం. వాళ్లు రోడ్డు మీద కూర్చోగలిగారు. ఎందుకంటే వాళ్లు ఆ గడ్డ మీద ఓటు ఉన్నవాళ్లు. కేసు పెట్టినా, జైల్లో పెట్టినా, వాళ్లను ఆ దేశం నుంచి పంపించేసేవాడు లేడు.

ఇక్కడ మన లెక్క వేరు

ఖతర్ కార్మిక చట్టంలో సంఘం పెట్టుకునే హక్కు ఖతరీలకే. మనకు లేదు. అయినా మనవాళ్లు, మనలాంటి వేరే దేశాల వాళ్లు ఓపిక చచ్చి రోడ్డు ఎక్కిన రోజులు ఉన్నాయి. 2019 ఆగస్టులో జీతాలు రాక పని ఆపారు. 2020 మేలో, కరోనా రోజుల్లో, దోహా మధ్యలో ముషైరిబ్‌లో కూర్చున్నారు. 2022 ఆగస్టులో, ప్రపంచ కప్పుకు మూడు నెలల ముందు, నెలల తరబడి జీతం లేని కూలీలు దోహాలో రోడ్డు ఆపారు. అడిగింది తమ కష్టం తాలూకు డబ్బే. కానీ కొందరిని పట్టుకున్నారు, కొందరిని దేశం నుంచి పంపించారు.

పంపించడం అంటే మన భాషలో ఏందో అందరికీ తెలుసు. మిత్తికి తెచ్చిన వీసా పైసలు అట్లనే ఉంటాయి. చెల్లె పెండ్లి ఆగుతది. ఊళ్లో 'గల్ఫు నుంచి పంపేశారంట' అనే మాట. నటాల్ కూలీకి జైలు కొన్ని నెలలు. మనకు శిక్ష ఇంటిల్లిపాదికీ, ఏండ్ల తరబడి. ఇది తెలియకుండా ఎవడైనా దూరంగా కూర్చుని "తిరగబడండి" అంటే వాడి మాట వినకండి. శిక్ష ఎవరు మోస్తారో వాళ్లే నిర్ణయం చేయాలి. ఇంకొకడి మెడ మీద పెట్టి చేసేది సత్యాగ్రహం కాదు.

అట్లని ఏమీ మారలేదా అంటే మారింది. 2018లో చాలామందికి ఎగ్జిట్ పర్మిట్ బాధ పోయింది. 2020లో ఎన్‌ఓసీ లేకుండా కంపెనీ మారొచ్చని చట్టం వచ్చింది. 2021 మార్చి నుంచి కనీస జీతం 1000 రియాళ్లు, కంపెనీ తిండీ వసతీ ఇవ్వకపోతే తిండికి 300, వసతికి 500. కాగితం మీద ఉన్నది ప్రతి క్యాంపులో ఉందని చెప్పట్లేదు. కానీ అంతర్జాతీయ కార్మిక సంస్థలో ఫిర్యాదు పడటం, ప్రపంచ కప్పు వల్ల లోకం కళ్లు ఇటు పడటం లేకపోతే ఆ కాగితం కూడా వచ్చేది కాదని మా నమ్మకం. మళ్లీ అదే పాఠం: చూసే కళ్లు కావాలి.

మేం ఏం చేసినం?

బస్సు ముందు కూర్చోలేదు. ఆ రాత్రి తర్వాత రెండు రోజులు మాట్లాడుకుని ఒక నిర్ణయానికి వచ్చినం. ఎవరికి వారు పోకుండా, ఒక్కటే కాగితం మీద అందరి పేర్లు, ఐడీ నంబర్లు, ఎన్ని నెలలు రావాలో రాసినం. చదువు రానివాళ్లు వేలిముద్ర వేశారు. ముందు కంపెనీ ఆఫీసులో ఇచ్చినం. వారం చూసినం. జవాబు లేకపోతే కార్మిక శాఖకు పోయి ఫిర్యాదు పెట్టినం. అక్కడ కుదరకపోతే వివాదాల కమిటీ. ఇదంతా చట్టంలో ఉన్న దారే, చట్టం దాటింది ఏమీ లేదు. అయినా పేరు రాసేటప్పుడు చేయి వణికింది. పెద్దన్న అందరికంటే ముందు సంతకం పెట్టాడు. "రోడ్డు మీద కూసుందామంటే భయపడ్డ, ఇది రాయనీకి భయపడితే ఇంక మనిషిని కాదు" అన్నాడు.

రెండు నెలల జీతం వచ్చింది. మూడోది ఇంకా రాలేదు. జగిత్యాల తమ్ముడు నోటీసు ఇచ్చి వేరే కంపెనీకి మారిపోయాడు. చీరాల జనం ఊరు వదిలినట్టు అన్నమాట, వీడికి మాత్రం గుడిసె బదులు కొత్త రూం దొరికింది.

మిగతా పని ఇంటి దగ్గర ఉంది. 2020 సెప్టెంబరులో మన దేశ ప్రభుత్వమే గల్ఫు దేశాలకు పోయేవాళ్ల కనీస రెఫరల్ వేతనం తగ్గించింది. ఖతర్‌కు 200 డాలర్లు చేసింది. ఇంటి దగ్గర గొడవ అయింది, తెలంగాణ హైకోర్టులో కేసు పడింది. 2021 జులైలో ఆ ఉత్తర్వు వెనక్కి తీసుకున్నారు. గల్ఫులో చనిపోయినవాళ్ల కుటుంబాలకు 5 లక్షల సాయం అన్నది తెలంగాణలో 2024లో వచ్చింది, ఏండ్ల తరబడి ఆ కుటుంబాలు అడిగితే. ఇక్కడ మనకు లేని నోరు అక్కడ మన భార్యకు ఉంది, నాన్నకు ఉంది, తమ్ముడికి ఉంది. వాళ్లకు ఓటుంది, కలెక్టరాఫీసు ముందు కూర్చునే హక్కుంది. సెలవుకు పోయినప్పుడు మనక్కూడా ఉంది. కానీ ఆ నలభై రోజులు మనం పెండ్లిళ్లకు, దావతులకు తిరిగి వచ్చేస్తాం.

1913లో కూలీలు ఇక్కడ నడిస్తే, అక్కడ గోఖలే తిరిగాడు. మన రోజుల్లో మనం ఇక్కడ నడవలేకపోతే, అక్కడ తిరిగేవాళ్లు ఇంకా ఎక్కువ కావాలి. ఈ రాత్రి ఇంటికి ఫోన్ చేసినప్పుడు జీతం ఎప్పుడు పడుతదని వాళ్లు అడుగుతారు. పడలేదని దాచకండి. ఎందుకు పడలేదో, ఎవరిని అడగాలో కూడా చెప్పండి.